మంట నిలవని గొట్టం

"అయిదింటికి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. ఈలోపు నీ క్లయింటుతో మాట్లాడుకుంటావో, పోట్లాడుకుంటావో నీ ఇష్టం బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆ కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో వెనక్కి వాలుతూ.

వాడు నా భార్యకి స్వయానా తమ్ముడు. ఇంట్లో బావమరిది, బయట సర్కిల్ ఇన్‌స్పెక్టరు. సర్కిల్ అన్నారు కదా అని రెండు చోట్లా నా చుట్టూనే తిరుగుతుంటాడు. వాడికి లాఠీ ఉందని, ప్రైవేటు డిటెక్టివ్‌నైన నాకు నోరుందని, రెండూ ఎవరి మీద పడినా నెప్పేనని మా అత్తగారి అభిప్రాయం.

గదిలో ఓ మూల స్టూలు మీద, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దోపుకుని కూర్చున్నాడు నా క్లయింటు. ఈ ఇంజన్ల పరీక్షా కేంద్రంలో గ్యాసు గొట్టాలు, వాటి వాల్వులు చూసుకునే పెద్దమనిషి. చిన్నా పెద్దా అందరికీ వాల్వు బాబాయే. పొద్దున్నే ఆయన భార్య నా ఆఫీసుకొచ్చి గుమ్మంలోనే కూలబడింది. "అన్నయ్యా, ఆ పిల్ల మా ఇంట్లో తిని, మా ఇంట్లో తిరిగిన పిల్ల. దాన్ని ఈయన చంపుతాడా? నువ్వే చెప్పు!" అంది. నాకు ఏమీ తెలియకముందే నన్నే చెప్పమన్న మొదటి క్లయింటు ఆవిడ.

ఆ పిల్ల ఇక్కడి శాస్త్రవేత్త. మంటల మీద పరిశోధన. వెనకా ముందూ అందరూ 'మంటలమ్మ' అనే పిలిచేవాళ్ళు, తనూ పలికేది. నాలుగు రోజుల క్రితం ఇంజన్ పరీక్ష ముగిశాక, కాంక్రీటు గోడ అవతలి గదిలో, ఇంజన్ వెనక మూతిలో తలా భుజాలూ దూర్చి వంగి ఉన్న మనిషి వంగినట్టే ఉండిపోయింది. దెబ్బ లేదు, విషం లేదు. డాక్టర్లు తేల్చింది ఒక్కటే. పీల్చింది గాలి కాదు, ఉత్త నైట్రోజన్.

"బాబాయ్, మొదట్నుంచీ చెప్పు. ఇంజన్ పేల్చాక ఏమయింది?"

"పేల్చడం అనకండి బాబూ. పేలితే ఎవరం ఉండం. కాల్చడం అంటాం." తలెత్తకుండానే దిద్దాడు. "కాల్చడం అయ్యాక పెద్ద ఫ్యాన్లు వేశాం. మిగిలిన గ్యాసంతా పైకి పోయింది. అమ్మాయి తాళంచెవి తీసి మెళ్ళో వేసుకుని లోపలికెళ్ళింది."

"ఏ తాళంచెవి?"

బటన్ల బల్ల మధ్యలో ఉన్న చిన్న రంధ్రం చూపించాడు. "అది ఇక్కడ లేకపోతే ఏ బటనూ పలకదు. లోపలికెళ్ళేవాళ్ళు దాన్ని మెళ్ళో వేసుకునే వెళ్ళాలి. నీ ప్రాణం నీ మెళ్ళోనే ఉండాలని పద్ధతి."

మంటలమ్మకి పెళ్ళి కాలేదు. మెడలో తాళి లేదు, తాళంచెవి ఉంది. కాపాడుతుందన్న నమ్మకంతోనే రెండింటినీ మెళ్ళో వేసుకుంటారు. కాపాడిందా లేదా అన్నది పోలీసులు వచ్చాకే తెలుస్తుంది.

"ఆవిడ బయటికొచ్చాక?"

"తాళంచెవి పెట్టేశాక నేను బటన్ నొక్కి నైట్రోజన్ వదులుతాను. గొట్టమంతా ఊదేస్తుంది. తర్వాత పొడిగుడ్డతో లోపల తుడుస్తాను. ఆ రోజు ఊదిందీ లేదు, తుడిచిందీ లేదు. ఎంతకీ రాలేదని వెళ్ళి చూసేసరికి..." 

"ఊదకముందే ఆవిడ ఎందుకు వెళ్ళడం?"

"ఊదితే గోడల మీద మంట గుర్తులు చెదిరిపోతాయని. తల లోపల పెట్టి టార్చి వేసి చూసుకునేది. ఎవరు చెప్పినా వినేది కాదు. బయటికొచ్చి, 'బాబాయ్, ఇవాళ కూడా మంట మనల్ని మోసం చేసింది' అనేది."

"అదే!" బావమరిది కుర్చీ కిర్రుమంది. "ఎవరు చెప్పినా వినేది కాదు. చెప్పింది ఎవరు? ఈయనే. ముందు రోజు వరండాలో అందరూ వినేట్టు ఏమని అరిచాడో అడుగు."

"'ఏదో ఒక రోజు ఆ గొట్టంలోనే పోతావే' అన్నాను," అన్నాడు బాబాయ్. "కూతుర్ని తిట్టుకోరా బాబూ?"

"తిట్టుకోవచ్చు. తిట్టిన మర్నాడే అది నిజమైతే మాత్రం నేను రావాల్సి ఉంటుంది." వాడు నా వైపు తిరిగాడు. "బావా, తాళంచెవి కరెంటుని ఆపుతుంది. పెరట్లో సిలిండర్ల దగ్గర చేత్తో తిప్పే ఇనప చక్రం ఉంది. దాన్ని ఆపదు. ఆ చక్రం తిప్పడం తెలిసిందీ, తిప్పే కండ ఉన్నదీ ఈయనొక్కడికే. కవాటం తిప్పేవాడి దగ్గర కపటం ఉండదని నువ్వేమైనా రాసిస్తావా?"

కవాటం, కపటం! నా ఆస్తిని నా ఎదురుగానే దోచుకుంటున్నాడు. బాగుందని చెప్పాల్సి వస్తుందేమోనని మేడ మెట్లెక్కేశాను.

మేడ మీద గది ఈ కేంద్రానికి అధిపతిది. పెద్దాయన అంటారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. బల్ల మీద కాగితాలు కూడా అంచులు కలిపి నిలబెట్టినట్టున్నాయి.

"మీకు ఈ ఇంజన్ గురించి ఎంతవరకు తెలుసు?" అన్నాడు.

"నాకు బాగా తెలిసిన మంట కడుపులో మంటేనండీ."

నవ్వలేదు. నా కెరీర్‌లో నవ్వని సాక్షులు రెండు రకాలు. జోకు అర్థం కానివాళ్ళు ఒకరు, జోకు కంటే ముందున్న ప్రశ్న అర్థమైనవాళ్ళు ఇంకొకరు.

"మామూలు జెట్ ఇంజన్ గాలిని మింగి, నెమ్మదింపజేసి, అప్పుడు ఇంధనం కాలుస్తుంది," అన్నాడు పెద్దాయన. "ధ్వనికి అయిదారు రెట్లు దాటిన వేగంలో గాలిని అలా ఆపబోతే ఆ ఆపడంలోనే కొలిమిలా వేడెక్కిపోతుంది. అందుకని మేం ఆపం. ఇంజన్ లోపల కూడా గాలి ధ్వనికంటే వేగంగానే పోతుంటుంది. ఈ మూతిలో దూరి ఆ మూతిలో బయటపడేలోపు, అంటే మీరు రెప్ప వెయ్యడం మొదలుపెట్టేలోపే, హైడ్రోజన్ అందులో కలవాలి, అంటుకోవాలి, మండి పూర్తవ్వాలి."

"అంటే ఆగని బస్సులో ముందు తలుపున ఎక్కి, టిక్కెట్టు తీసుకుని, కిటికీ పక్క సీటు కోసం గొడవపడి, గెలిచి, వెనక తలుపున దిగిపోవాలి. అంతా బస్‌స్టాపు దాటకముందే."

"దాదాపు అంతే." మొదటిసారి నన్ను మనిషిలా చూశాడు.

"వెలిగిందా మరి?"

"వెలిగింది. చేసిన ప్రతి పరీక్షలోనూ."

"మంట మోసం చేసిందని ఆవిడ అనేదట."

పెద్దాయన వేళ్ళు కాగితాల అంచుల మీద ఆగాయి. "మంట వెలగలేదని ఆవిడా అనలేదు. మంట ఒత్తిడి ముందుకి తన్నడంతో లోపలికొచ్చే గాలి చిక్కుపడి, ధ్వని వేగం కంటే కిందికి పడిపోయిందని ఆవిడ వాదన. నెమ్మది గాలిలో ఎవరైనా మంట నిలబెడతారు. దాన్ని చూసి మేం మురిసిపోతున్నామంది. గుర్తులు చదవడంలో పొరపాటు పడింది."

"పొరపాటు కాకపోతే?"

"ఆకాశంలో ఇంజన్ గాలి మింగడం మానేస్తుంది. ముక్కలవుతుంది."

"వచ్చే వారం ఎగిరేది ఇదేనా?"

"ఇదే. విమానం కింద తగిలించి తీసుకెళ్ళి వదులుతాం."

"ఆ విమానంలో మనుషులుంటారా?"

"నలుగురు." తర్వాత ఏమనుకున్నాడో, గొంతు ఇంకా సన్నమైంది. "ఈ ఇంజన్ కోసం నేను జుట్టు తెల్లబరుచుకున్నాను. మంటలమ్మకి ఈ గదిలో అడుగుపెట్టే ముందు నెత్తిన ఒక్క తెల్లవెంట్రుక లేదు. ఆవిడ పరీక్ష ఫెయిలంటే ఫెయిలా?"

"పోయేటప్పుడు కూడా లేదులెండి," అన్నాను. "ఆవిడ లోపలున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఫోన్‌లో." లేచి తలుపు తీశాడు. "వెళ్ళి చూసుకోండి. తాళంచెవి మెళ్ళో వేసుకోవడం మర్చిపోకండి. మీరైనా సరే, పద్ధతి పద్ధతే."

సూపర్‌సోనిక్ అంటే శబ్దం కంటే వేగం. కొందరు మాట్లాడితే శబ్దం ముందొచ్చి అర్థం తర్వాతెప్పుడో వస్తుంది. ఆయన చివరి మాటలో మర్యాద అప్పుడే వినబడింది. మిగతాది నాకు ఆలస్యంగా చేరింది.

బాబాయ్‌ని కంట్రోల్ రూమ్‌లో ఒక కానిస్టేబుల్‌కి అప్పజెప్పి, నేనూ బావమరిదీ లోపలికి వెళ్ళాం. తాళంచెవి నా మెళ్ళో. బరువైన తలుపు మా వెనక మూసుకుంది. పైన ఫ్యాన్ల హోరుకి ఎవరి మాట వాళ్ళకే వినబడదు. మధ్యలో ఇనప కాళ్ళ మీద ఇంజన్. రెక్కలు లేవు, తిరిగే చక్రాలు లేవు. నలుపలకల గొట్టం, అంతే. ఇంత చదువు చదివి, ఇంత తల పండించుకుని, వీళ్ళు కట్టింది ఒక ఖాళీ గొట్టం! ఇకమీదట ఎవర్నీ గొట్టంగాడని తిట్టకూడదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

మంటలమ్మ వంగినట్టే వంగి, తల లోపల పెట్టి టార్చి వేశాను. ఆవిడ సన్నం. నా పొట్ట మాత్రం అంచుకి తగిలి, ఇక రానంటే రానంది. కనబడినంతవరకు చూశాను. లోపల గోడలన్నీ సన్నటి, తాజా తుప్పు. పసుపుకి ఎక్కువ, ఎరుపుకి తక్కువ. పై గోడ, కింది గోడ, మంట ఆగడానికి తవ్విన చిన్న గుంత, అంతా తుప్పే. కుడి పక్క మాత్రం గోడలో బిగించిన దళసరి గాజు కిటికీ దగ్గర, విసనకర్ర విప్పినట్టు ఒక మేర ఉక్కు తళతళలాడుతోంది.

మెడ పట్టేసింది. తల కొంచెం తేలిగ్గా తిరిగింది కూడా. వయసనుకుని బయటికి లాక్కున్నాను.

"ఏం దొరికింది? ఉప్మానా?" అరిచాడు బావమరిది.

"నీ కేసుకి పట్టిన తుప్పు దొరికింది! హైడ్రోజన్ కాలితే పొగ రాదురా, నీళ్ళొస్తాయి. కాల్చిన ప్రతిసారీ ఈ గొట్టం లోపల చెమట పట్టినట్టు తడిసిపోతుంది. అందుకే నైట్రోజన్ ఊది, గుడ్డతో తుడుస్తారు. ఆ రోజు తుడవలేదు, తుప్పు పట్టింది."

"అయితే?"

"బాబాయ్ పెరట్లో చక్రం తిప్పి పెద్ద గొట్టంలోంచి నైట్రోజన్ వదిలి ఉంటే ఏమయ్యేది? ముందు నుంచి వెనక దాకా మొత్తం ఆరిపోయేది. ఇంత తుప్పు ఎక్కడిది? పెద్ద గొట్టం ఆ రోజు తెరవనే లేదు. ఊదింది ఆ కిటికీ పక్కనుంచి. అక్కడొక్కచోటే ఆరింది."

వాడు వంగి, గాజు కిటికీకి బయటవైపు నుంచి వస్తున్న వేలెడు లావు గొట్టం చూశాడు. కిటికీకి ఎదురుగా కెమెరా ఉంది. గొట్టం గోడలోకి దూరి ఎటో పోయింది.

"ఇది కెమెరా వాళ్ళదట. గాజు మసక పట్టకుండా ఊదుతుందట," అన్నాడు. "మేం గ్యాసు లైన్లన్నీ చూశాం బావా. ఇది ఫోటోల సామాను అన్నారు."

"తాళంచెవి కింద ఉందా ఇది?"

 లేదని ఇద్దరికీ అర్థమైంది. అందరూ పెద్ద వాల్వుల మీద కాపలా పెట్టారు. వేలెడు గొట్టాన్ని ఎవరూ వాయువని అనుకోలేదు. అద్దం తుడిచే గుడ్డ కింద జమకట్టారు. విశాలమైన గదిలో అది ఊదితే ఎవరికీ ఏమీ కాదు. చుట్టూ ఇనుము, ముందు మూసేసిన పెద్ద గొట్టం, వెనక మూతికి మనిషి భుజాలు అడ్డుపడ్డ చోట ఊదితే, కొద్ది నిమిషాల్లో లోపల గాలన్నదే మిగలదు.

"కిటుకంతా కిటికీలో ఉంది బామ్మర్దీ!"

"ఆపు. ఊపిరాడకపోతే మనిషికి తెలియదా? బయటికి రాదా?"

"తెలియదు. పొగైతే దగ్గొస్తుంది, నీళ్ళైతే కొట్టుకుంటాం. ఇది అచ్చం గాలిలాగే లోపలికెళ్ళి బయటికొస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఆడుతుండగానే మనిషి ఆగిపోతుంది."

దీని మీద ఇంకో జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆ గొట్టం ఇప్పుడు కూడా కారుతోందేమో చూద్దాం. అగ్గిపెట్టివ్వు. మంట ఏ పక్కకి వాలితే గాలి ఆ పక్కకి పోతున్నట్టు."

"నా దగ్గర ఎందుకుంటుంది?"

"మీ అక్కకి చెప్పనులే, ఇవ్వు."

ఇచ్చాడు. పుల్ల గీసి, చెయ్యి చాపి ఇంజన్ గొట్టంలోకి పెట్టాను. మంట ఏ పక్కకీ వాలలేదు. చిన్నదై, పుల్లని వదిలి పైకి లేచి, పోయింది. ఊదినట్టు కాదు. ఉండడానికి చోటు లేనట్టు.

 ఇంకో పుల్ల గీశాను. గొట్టం బయట నిటారుగా వెలిగింది. అంచు దాటగానే చచ్చిపోయింది.

ధ్వనిని మించిన గాలిలో మంట నిలబెట్టడానికి కట్టిన గొట్టంలో, కదలని గాలిలో ఒక్క అగ్గిపుల్ల నిలబడలేదు.

"బావా," అన్నాడు వాడు. ఆ హోరులో కూడా వాడి గొంతు చిన్నగా వినబడింది. "నువ్వు ఇందాక తల పెట్టింది దీంట్లోనే కదా."

 ఎవరో ఆ వేలెడు గొట్టాన్ని ఇప్పుడే తెరిచారు. నేను లోపలున్నానని తెలిసే తెరిచారు. నా పొట్ట అడ్డం రాకపోతే, మెళ్ళో తాళంచెవితో సహా ఆ గొట్టంలోనే వంగి ఉండేవాణ్ణి, మా బావమరిదికి ఇంకో కేసుగా.

తలుపు తోసుకుని పరిగెత్తాం. వేలెడు గొట్టం గోడ దాటి, కంట్రోల్ రూమ్‌ని ఆనుకుని ఉన్న కెమెరా గదిలోకి వెళ్తుంది. ఆ తలుపు బార్లా తెరిచుంది. లోపల, గోడకున్న చిన్న కుళాయి మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు మనిషి.

వాల్వు బాబాయ్.

బావమరిది ఒక్క అంగలో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. బేడీలు క్లిక్కుమన్నాయి. "చూసుకో. నీ తుప్పు, నీ కిటికీ, నీ క్లయింటు!"

నిజమే. ఎలా చంపారో నేనే నిరూపించాను. నిరూపించిన చోట నేను కాపాడాల్సిన మనిషి చెయ్యి దొరికింది. ఇంతకంటే శ్రద్ధగా ఏ డిటెక్టివూ క్లయింటుని ఉరికంబం ఎక్కించి ఉండడు.

"ఫోనొస్తే ఈయనే ఎత్తాడు సార్," కానిస్టేబుల్ తడబడ్డాడు. "ఎత్తి, ఈ గదిలోకొచ్చాడు. నేను వెనకే ఉన్నాను."

"పెద్దాయన చేశారు," అన్నాడు బాబాయ్, బేడీల వంక వింతగా చూస్తూ. "లోపల మీకు కిటికీ మసగ్గా ఉందని, కొంచెం వదలమని. కెమెరా అబ్బాయి సెలవులో ఉన్నాడు కదా, ఆ పనీ నేనే చూస్తున్నాను."

మెట్ల మీద అడుగులు. పెద్దాయన రొప్పుతూ వచ్చాడు. "నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు!" అన్నాడు, ఎవరూ అడగకముందే. ఆ తర్వాత ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. ఆ సన్నటి గొంతు ఒక్కసారిగా పగిలింది. "అసలు మీకు బుద్ధుందా? హైడ్రోజన్ వాడే గదిలో అగ్గిపుల్ల గీస్తారా? అదీ ఒకటి కాదు, రెండు! ఇక్కడ ఇన్నేళ్ళుగా ఒక్క నిప్పురవ్వ పడకుండా..."

కోపం నిజమైనదే. ఒక జీవితమంతా హైడ్రోజన్ పక్కన బతికిన మనిషి కోపం. దాన్ని ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

నేను నోరు తెరిచాను. కానీ మాట నా బావమరిది నోట్లోంచి వచ్చింది. మెల్లగా.

"రెండని మీకెవరు చెప్పారండీ?"

పెద్దాయన ఒకడుగు వెనక్కి వేశాడు.

"గోడ మూరెడు మందం. తలుపు మూసి ఉంది. లోపల మేమిద్దరమే. బయటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు." వాడు కెమెరా గదిలో ఉన్న తెర వంక చూశాడు. నల్లగా, ఆర్పేసి ఉంది. "ఆ కిటికీ లోంచి గొట్టంలోకి చూసే కన్ను ఆ కెమెరా ఒక్కటే. ఆ బొమ్మ ఇంకెక్కడికి పోతుంది? మీ గదిలోకా?"

 కానిస్టేబుల్ మెట్ల దగ్గరికి జరిగి నిలబడ్డాడు. పెద్దాయన పక్కనే కంట్రోల్ రూమ్‌లో బావమరిది వదిలేసిన ఆ మంచి కుర్చీలోకి నెమ్మదిగా దిగాడు. అంటే చూశాడు. ఇవాళ నా తలని చూశాడు. ఆ రోజు టార్చి పట్టుకున్న ఆవిడ మొహాన్ని, అది చేతిలోంచి జారేదాకా, గాజు తేటగా ఉండగా చూశాడు.

గెలిచినట్టే. నా క్లయింటు బయటపడ్డాడు. బావమరిది కూడా నా వంక చూడకుండానే బాబాయ్ చేతులకున్న బేడీలు విప్పేశాడు.

బాబాయ్ మాత్రం పెద్దాయన్ని చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

"బాబూ, అగ్గిపుల్ల ఎందుకు ఆరింది?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఆ రోజు కూడా ఫోనొచ్చింది," అన్నాడు. "'లోపల్నుంచి అమ్మాయి అడుగుతోంది, గాజు మసగ్గా ఉందట, ఎక్కువసేపు వదులు' అన్నారు. అమ్మాయే అడిగిందంటే... నేను పూర్తిగా తిప్పాను బాబూ. కిటికీ తుడిచినట్టే అనుకున్నాను. పోలీసులు ఏ వాల్వు తిప్పావని అడిగితే ఇది గుర్తుకే రాలేదు."

దేనికైనా నా దగ్గర ఒక మాట ఉంటుంది. ఇంట్లో అందరూ దానికే విసుక్కుంటారు. అక్కడ నిలబడి వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

బావమరిది బేడీలు జేబులో పెట్టుకోబోతున్నాడు. బాబాయ్ తన రెండు చేతులూ కలిపి, వాడి ముందుకి చాపాడు.

"పెట్టేసుకోకండి," అన్నాడు. "వేసెయ్యండి."